కుళాయి మీద కుళ్ళు

నేను ఒక థర్మోకోల్ వాటర్ ట్యాంకుని. మామూలు ట్యాంకుని అనుకునేరు, రెండుసార్లు ఫస్టు ప్రైజు కొట్టినదాన్ని. ఏలూరులో స్కూలు ప్రాజెక్టులు చేసి అమ్మే ఒక స్టేషనరీ షాపులో పుట్టాను. నాలుగు కాళ్ళ మీద నీలం ట్యాంకు, కింద పచ్చ కాగితపు గడ్డి, చుట్టూ అగ్గిపెట్టెల ఇళ్ళు, ఇంటింటికీ జ్యూస్ తాగే స్ట్రాలతో పైపులు. ముందువైపు ‘తయారు చేసినవారు’ అని రాసి, పక్కన ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో కొనుక్కున్న పిల్లల పేరు అంటిస్తారు. నన్ను నిజంగా చేసిన షాపాయన పేరు ఎక్కడా ఉండదు. అందుకు ఆయన కూడా ఎప్పుడూ బాధపడలేదు.

మొదటి ఏడు ఒక డాక్టరుగారబ్బాయి నన్ను ‘తయారు చేశాడు’. రెండో ఏడు ఒక లెక్చరరుగారమ్మాయి ‘తయారు చేసింది’. ప్రైజు రాగానే నన్ను తిరిగి షాపులో ఇచ్చేసేవారు. షాపాయన గడ్డి మార్చి, పాత పేరు మీద కొత్త కాగితం అంటించేవాడు. ఎవరి పేరున్నా చప్పట్లు నావే. పక్క బల్ల మీది అగ్నిపర్వతానికి నాకంటే ఎక్కువ చప్పట్లు పడితే ఆ రోజంతా నాకు ఒళ్ళు మండేది. అసూయ నా గుణం, దాచుకోను.

మూడో ఏడు ఉపేంద్ర వచ్చాడు. అతను ప్లంబరు. రెండో తరగతి చదివే కూతురు యామిని తల్లిదండ్రులందరి ముందు ‘ఇంటికి నీళ్ళు ఎలా వస్తాయి’ అని మాట్లాడాలట. తనే ఏదో చేసుకుంటానని ఆ పిల్ల అంటే అతను వినలేదు.

“అందరూ మంచి మంచియి తెస్తారమ్మా. మనం తేలిపోకూడదు” అన్నాడు.

ఊళ్ళో సగం ఇళ్ళకు పైపులు బిగించినవాడు, నా ట్యాంకుకి బెజ్జం ఉందో లేదో చూడలేదు. నా రంగు చూసి మురిసిపోయాడు.

వాళ్ళింట్లో నాకు శత్రువు దొరికింది. ఎవరింట్లోనో పాడైపోతే విప్పేసిన ఇత్తడి కుళాయి. తండ్రి ఆడుకోమని ఇచ్చాడు. యామిని దాన్ని విప్పేది, మళ్ళీ బిగించేది, అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకునేది. నా దగ్గరకు మాత్రం పాఠం బట్టీ పట్టడానికే వచ్చేది. ఆ చిలుం పట్టిన ముక్కలో ఏముందని అంత ముద్దు? చూసి చూసి కుళ్ళిపోయాను.

ఆ రోజు ఉపేంద్ర పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తరగతి గుమ్మం దగ్గర కూతురి జుట్టు సర్దుతూ మెల్లగా చెప్పాడు. “నాన్న ఏం చేస్తారని అడిగితే కాంట్రాక్టులు చేస్తారని చెప్పు. ప్లంబరని చెప్పకమ్మా.”

యామిని తలూపింది.

నా పక్కన నిలబడి ఇంగ్లీషులో గడగడా ఒప్పజెప్పింది. చప్పట్లు పడ్డాయి. నేను ఉప్పొంగిపోతుంటే ప్రిస్కిల్లా టీచరు నీళ్ళ సీసా అందించింది. “పోసి చూపించమ్మా, ఇళ్ళకి ఎలా వెళ్తాయో.”

రెండేళ్ళలో ఎవరూ అడగని మాట అది. యామిని పోసింది. నీళ్ళు నా అంచుల మీదుగా పొర్లి గడ్డిలో పడ్డాయి. ఒక్క ఇంటికీ చుక్క చేరలేదు. యామిని పేరున్న కాగితం తడిసి ఊడిపోయి, లెక్చరరుగారమ్మాయి పేరు బయటపడింది. వెనక ఎవరో నవ్వారు. ఉపేంద్ర తల దించుకున్నాడు.

యామిని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“నీళ్ళు రావు టీచర్. దీనికి బెజ్జం లేదు” అని సంచీలోంచి కుళాయి తీసింది. విప్పి, లోపలి నల్ల రబ్బరు ముక్క చూపించింది. “ఇది వాషరండి. ఇది అరిగిపోతే ఎంత కట్టినా చుక్కలు పడతానే ఉంటాయి. గట్టిగా తిప్పితే ఇంకా పాడైపోద్ది.”

తెలుగులోనే చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

“ఇదంతా ఎవరు నేర్పారమ్మా?” అంది టీచరు.

యామిని తండ్రి వైపు చూసింది. “చెప్పొద్దన్నారండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉపేంద్ర లేచాడు. “నేనేనండి. ప్లంబర్ని. నేనే చెప్పొద్దన్నాను, పిల్ల తప్పేం లేదండి.”

వచ్చి కూతురి పక్కన గొంతుక్కూర్చుని కుళాయి పట్టుకున్నాడు. యామిని వాషరు పెట్టి బిగించింది. పిల్లలంతా బెంచీలు దిగి చుట్టూ మూగారు. అప్పట్లో డాక్టరుగారూ లెక్చరరుగారూ నన్ను ఫోటోలు తీశారు గానీ, తమ పిల్లలతో పాటు నా పక్కన ఎప్పుడూ కూర్చోలేదు.

ప్రైజు ఇంకెవరికో వెళ్ళింది. ఉపేంద్ర ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో కుళాయిని పట్టుకుని వెళ్ళిపోయాడు. నా సంగతి ఎవరూ అడగలేదు. ఆయా నన్ను తుడిచి బీరువా మీద పెట్టింది.

ఇక్కడి నుంచి తరగతంతా కనిపిస్తుంది. కొత్త పిల్ల ఎవరు చేరినా యామిని వెళ్ళి “మా నాన్న ప్లంబరు” అని చెబుతుంది. విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నన్ను చేసింది ఎవరో ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్కసారి కూడా నిజం చెప్పలేదు.