అద్దంలో జేబా

"అద్దంల మొకం మసకొస్తె ఎట్లనే, ఇఫ్రా?"

అప్పటికి పెళ్లికొడుకే రాలేదు. హుజూర్‌నగర్ ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల వైపు కుర్చీలు సగం ఖాళీ. అయినా ఖమర్‌కు అప్పుడే కంగారు మొదలైంది. కూతురు ఇఫ్రా ఒంటరిగా ఫోటోలు తీస్తున్న మొదటి పెళ్లి ఇది. కెమెరా స్టూడియో యజమాని షాహిద్‌ది. పొద్దున్నే తేల్చి చెప్పాడతను: "జల్వా ఫోటో మంచిగొస్తె ఇగ ఆడోళ్ల దిక్కు పెండ్లిళ్లన్ని నీకే. పాడైతె వేరే పిల్లను పిలుస్త."

జల్వాలో పెళ్లికొడుకు పెళ్లికూతురి ముఖాన్ని అద్దంలో చూస్తాడు. ఆమె కళ్లు తెరిచేది ఒక్కసారి. మళ్లీ తెరవమంటే అది జల్వా కాదు.

"కెమెరా పట్టా మెడకేసుకో, కిందవడ్తది. బ్యాటరీ సూసినవా? వేరేది తెచ్చినవా?"

"అమ్మీ, సూదికి దారమెక్కిచ్చెటప్పుడు గోడ సూస్తవా, బెజ్జం సూస్తవా?"

"బెజ్జమే సూస్త."

"గిదీ గంతే. గీ తెర మీది పచ్చ డబ్బా ఏడుంటె కెమెరా సూపు ఆడుంటది."

ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్న ఖమర్‌కు ఆ ముక్క బాగానే ఎక్కింది. కుర్చీల మధ్య పిల్లలు ఉరుకుతుంటే తెర మీద పచ్చ డబ్బా ముఖాలను వెతికి పట్టుకుని వాటి వెంటే పోతోంది.

"ఉరికెటోళ్లను కెమెరాకే ఇడిసిపెట్టిన. అదే పట్టుకుంటది," అంది ఇఫ్రా. ఈ పిల్ల ఇదంతా ఎప్పుడు నేర్చిందో అని ఖమర్ నోరెళ్లబెట్టింది.

పెళ్లికొడుకు సైఫ్‌ను తెచ్చి పెళ్లికూతురు జేబా ఎదుట కూర్చోబెట్టారు. ఇద్దరి తలల మీద ఎర్ర దుపట్టా పరిచి, మధ్యలో అద్దం పెట్టారు.

"'కండ్లు తెరువు బేగం, నేను నీ గులామును' అను. గప్పుడే తెరుస్తది," అన్నారు జేబా వదినలు.

సైఫ్ ఏదో గొణిగాడు.

"ఇనవడలే! బిర్యాని అడిగెటప్పుడు గిట్లనే గొణుగుతవా?"

అందరూ నవ్వుతుండగా ఖమర్ చూపు దుపట్టా అంచు మీద పడింది. జారుతోంది. అద్దం మీద పడితే ఇంకేమన్నా ఉందా! ఆగలేక ముందుకు వంగి అంచు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కెమెరా టక్కుమంది. పచ్చ డబ్బా అప్పటికే అద్దాన్ని వదిలేసి ఖమర్ ముఖానికి అతుక్కుంది.

"అమ్మీ! ఎనకకు జరుగు!"

అంచు వదలకుండానే ఖమర్ వెనక్కి జరిగింది. తాను దేనికి భయపడిందో దాన్ని తన చేత్తోనే చేసింది.

"కండ్లు తెరువు బేగం!" ఈసారి సైఫ్ గట్టిగానే అన్నాడు.

కెమెరా వెనకున్న మీట మీద ఇఫ్రా బొటనవేలు కదిలింది. పచ్చ డబ్బా బియ్యపు గింజంత అయింది. కెమెరా ఇక ముఖాలు వెతకడం లేదు. ఆ గింజను వెండి చట్రం దాటించి, అద్దం లోపల జేబా కనురెప్ప మీద నిలిపింది ఇఫ్రా. ఊపిరి బిగబట్టింది.

జేబా కళ్లు తెరిచింది. టక్.

కుట్టుమిషన్ కింద ఖమర్ చెయ్యి చూడకుండానే బాబిన్‌ను వెతుక్కున్నట్టు, ఆ వేలు మీటను వెతుక్కుంది. దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు పిల్ల. ఇంత ఆందోళనలోనూ ఖమర్‌కు ఒళ్లు పులకరించింది.

ఆడవాళ్ల వైపు పరదా దగ్గరికొచ్చి షాహిద్ కెమెరా అందుకున్నాడు. మొదటి ఫోటోలో నోరు తెరిచిన ఖమర్, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. అద్దమంతా మసక.

"నా వల్లనే, షాహిద్ భాయ్. పిల్ల తప్పేం లేదు."

 షాహిద్ తర్వాతి ఫోటోకు జరిపాడు. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"మసకొచ్చిందా, భాయ్?"

 అవతల బిర్యాని డేగిశాల మూతలు మోగుతున్నాయి. ఇఫ్రా తన దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఖమర్ పెదాల మీద దువా ఆగలేదు. షాహిద్ కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఆపా," అన్నాడు చివరికి, "పెండ్లికూతురు కండ్లల్ల పెండ్లికొడుకు గూడ కనవడుతుండు. ఆదివారం తిరుమలగిరిల పెండ్లున్నది, పిల్లను తోలియ్యి. నువ్వు మాత్రం జర ఇంట్లనే ఉండు."