రోజుకి ఒక చుట్ట

పలాస కల్యాణమండపంలో డాక్టర్ ప్రేమ్‌కుమార్‌కి సన్మానం. ఉద్దానం ఆడవాళ్ళ చుట్టల మీద, వాళ్ళ మెదళ్ళ మీద ఆయన రాసిన వ్యాసం విదేశీ పత్రికలో పడిందట. మూలపేట పక్క పల్లె నుంచి గున్నయ్య కూడా పెళ్ళాం నీలవేణిని వెంటబెట్టుకొని వచ్చాడు. దండ వెయ్యడానికి మాత్రం కాదు.

నీలవేణి అంగిట్లో మూడు నెలలుగా తెల్లటి పుండు. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే గున్నయ్య భయం. నీలవేణి పెద్దమ్మకి అలాగే మొదలై, ఏడాది తిరక్కుండా మనిషి పోయింది. టెక్కలిలో నోటి పరీక్షలు ఉచితంగా చేస్తున్నారంటే వెళ్ళారు. లిస్టులో పేరు లేదన్నారు. ఆ లిస్టు ప్రేమ్‌కుమార్ సర్వేలోంచి దించింది. రోజుకి అయిదు చుట్టలు దాటినవాళ్ళకే పరీక్ష. నీలవేణి పేరుకెదురుగా 'ఒకటి' అని రాసుంది.

ఒకటే మరి, ఆమె అబద్ధమాడలేదు. జానెడు చుట్ట. పొద్దున్నే వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని, చేపలు ఎండేస్తూ అడ్డపొగ లాగుతుంది. ఆర్పి కొప్పులో దోపుతుంది. మళ్ళీ వెలిగిస్తుంది. పొద్దుగూకినా అదే చుట్ట. పుండు లేచినా చుట్ట మానితేనా! సర్వేకొచ్చిన మహానుభావులు కొబ్బరిబొండాలు తాగి, "ఎన్ని?" అని అడిగి, రాసుకొని పోయారు.

వేదిక మీద ప్రేమ్‌కుమార్ ఊగిపోతున్నాడు. "నరాల గోడల్లో సన్నటి దారులుంటాయి. నికోటిన్ తగలగానే అవి తెరుచుకుంటాయి, అయాన్లు లోపలికి దూకుతాయి. రోజుకి ఒక్క చుట్టకే ఈ మహిళలు ఇంతలా బానిసలయ్యారంటే, ఆ దారులు తెరిచే గ్రాహకాలే వీళ్ళలో వేరు! ప్రపంచం ఆశ్చర్యపోయింది."

గున్నయ్య ఏడో తరగతిలోనే బడి మానేశాడు. గ్రాహకమంటే ఏమిటో వాడికి తెలీదు. నవ్వు మాత్రం ఆగలేదు.

"ఏటి, నవ్వుతన్నావు?" అని కసిరాడు సభ పెట్టించిన జీడిపప్పు వ్యాపారి వైకుంఠరావు.

"నవ్వక ఏటి సెయ్యమంటావు బావూ? పొయ్యి ఒక్కసారే ఎలిగించినామంటే ఒక్క మెతుకే ఉడికిందని రాసీసినాడు మీ డాట్రుబాబు!"

"సభ అయ్యాక మాట్లాడదాం" అన్నాడు ప్రేమ్‌కుమార్ మైకులోంచి.

గున్నయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. "ఓలే, ఎలిగించు."

"ఇక్కడా? సిగ్గుగుంటాది మావా."

"ఆల్లకి లేని సిగ్గు మనకెందుకే?"

నీలవేణి కొప్పులోంచి చుట్ట తీసింది. వెలిగించి, నిప్పు కొస లోపలికి తిప్పి, పెదాలు మూసింది. మండపం నోరెళ్ళబెట్టింది. ప్రేమ్‌కుమార్ దండతోనే కిందికి దిగొచ్చాడు.

"ఇది... ఎంతసేపొస్తుందమ్మా?"

ఆమె చుట్ట తీసి చెప్పింది. "రేతిరి కూడు తినీదాకా బాబూ."

"అంటే ఒకటంటే ఒకటి కాదన్నమాట!"

"ఇప్పుడొచ్చింది గ్యానం!" అన్నాడు గున్నయ్య. "బుర్రలో సందులన్నీ సూసీసినావు. ఎదురుగున్న నోరు తెరిపించి సూడ్లేకపోయినావు!"

"వ్యాసం అచ్చయిపోయింది. ఇప్పుడు మార్చలేం."

"నీ యాసం ఎవుడిక్కావాల? లిస్టులో దీని పేరు రాయి."

"దానికి కమిటీ కూర్చోవాలి..."

"కూకోనీ. అంతవరకూ పుండుని కూడా కూకోమని సెప్పమంటావా?"

ముందువరసలోంచి ఒకామె లేచొచ్చింది. టెక్కలిలో ఆ పరీక్షలు చేసే డాక్టరు, తనూజ. ఎవర్నీ అడక్కుండా ఫోన్ లైటు వేసి, "నోరు తెరువమ్మా" అంది. చూసింది. మళ్ళీ వంగి చూసింది. లైటు ఆర్పేసి గున్నయ్యతో మెల్లగా అంది, "లిస్టు సంగతి నేను చూసుకుంటాను. రేపటిదాకా వద్దు, ఇప్పుడే నా కారెక్కండి. పుండులోంచి ముక్క తీసి పరీక్షకి పంపాలి."

గున్నయ్య పెళ్ళాం చేతిలోని చుట్ట తీసుకొని ఆర్పేశాడు.

వాళ్ళు గుమ్మం దాటుతుంటే ప్రేమ్‌కుమార్ వెనకే పరిగెత్తుకొచ్చాడు. "రెండే రెండు నిమిషాలు. ఇంకోసారి కాల్చి చూపిస్తే వీడియో తీసుకుంటాను."

వాడి కాళ్ళ ముందు ఉమ్మేద్దామనుకున్నాడు గున్నయ్య. నోట్లో తడి లేదు. నీలవేణి చెయ్యి గట్టిగా పట్టుకొని కారు వైపు నడిచాడు.