మేడ మెట్లు

ఆ ఆదివారం పొద్దున్నే, డాబా మీద ఆరేసిన దుప్పటి విషయంలో ఇంట్లో గొడవ మొదలైంది.

"రెండు రోజులుగా ఎండుతోంది. కాస్త దింపుకురండి," అంది ఖుర్షిదా.

"దుప్పటికేమన్నా కాళ్ళొచ్చాయా పారిపోవడానికి? సాయంత్రం చూద్దాంలే," అన్నాడు భర్త కలీం.

"మేడ కట్టించేటప్పుడున్న హుషారు ఎక్కేటప్పుడు ఉండదు మీకు!"

మాటా మాటా పెరిగి, చివరికి ఆమే విసురుగా వెళ్ళి తెచ్చుకుంది. నలభై రెండేళ్ళకే ఇంత బద్ధకమేమిటని గొణుక్కుంది.

పదింటికి గ్రామ సచివాలయం నుంచి లక్ష్మీదుర్గ సర్వేకి వచ్చింది. పంట దిగుబడి ఒక్కటే చూస్తే చాలదట, జనం ఎంత బాగా బతుకుతున్నారో కూడా కొలవాలట. ఇళ్ళు చూపించడానికి ఖుర్షిదా తోడు వెళ్ళింది. కనిగిరి చుట్టుపక్కల ఇంత మిరప పండే ఊరు లేదు. వీధి వీధంతా మేడలే. ట్యాబులో ప్రశ్నలు చకచకా దాటిపోతున్నాయి. ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, మేడ ఉందా, సొంత బోరుందా.

రహిమున్నీసా ఇంట్లో మేడగదికి తుప్పు పట్టిన తాళం. బుల్లయ్య ఇంట్లో మెట్ల నిండా మిరప గోతాలు.

"పైన ఎవరుంటారండీ?" అని ఖుర్షిదా అడిగితే బుల్లయ్య నవ్వాడు.

"ఎక్కేవాడేడమ్మా? మోకాళ్ళు వంగితేగా!"

ఆయనకింకా యాభై నిండలేదు. పొద్దున కలీం చూపించింది బద్ధకం కాదని ఖుర్షిదాకి అప్పుడు తట్టింది. అక్కణ్ణుంచి ఏ ఇంటికెళ్ళినా ఆమె ముందు మెట్లే చూసింది. పదకొండు మేడల్లో తొమ్మిదింటి మెట్ల మీద దుమ్ము చెదరలేదు.

"మీ ఊరు మండలంలోనే ఫస్టక్కా. నూటికి తొంభై రెండు మార్కులు!" అంది లక్ష్మీదుర్గ.

"నడవలేనివాళ్ళు ఎందరో రాశావా?"

"దానికి గడి లేదక్కా."

ఇంటికొచ్చేసరికి పదకొండేళ్ళ కూతురు మెహర్ మేడ దిగుతోంది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, ఆగి, మళ్ళీ కిందికి. ఖుర్షిదా గుమ్మంలోనే నిలబడిపోయింది. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్ని బిగదీస్తుందని, తాగే నీళ్ళు మార్చమని డాక్టరు ఏనాడో చెప్పాడు. సొంత బోరుండగా నీళ్ళు కొనడమా అని మామగారు బుడే ఒక్క డబ్బానీ గడప దాటనివ్వలేదు.

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. కాలు మడవలేని బుడే ఎప్పట్లాగే కుర్చీలో.

"పంట బాగుంది. పైన ఇంకో రెండు గదులు లేపుదాం," అన్నాడాయన.

"గదులు వద్దు మామయ్యా." కూర వడ్డిస్తూనే చెప్పింది ఖుర్షిదా. "ఎల్లుండి మెహర్‌ని తీసుకుని ఒంగోలులో మా అక్క నగ్మా ఇంటికి వెళ్తున్నాను. ముందు ఎముకల డాక్టరుకి చూపిస్తాను. తర్వాత అక్కడే బళ్ళో వేస్తాను."

కలీం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఎన్నాళ్ళకి?"

"తిరిగి రావడానికి వెళ్ళట్లేదండీ."