అతిథి కాళ్ళ కింద గులకరాళ్ళు

మా బాబాయ్‌ని అందరూ రిబ్బన్ బాబాయ్ అంటారు. నీటి కమిటీకి అధ్యక్షుడైనప్పటి నుంచీ జేబులో కత్తెర, తలలో ఖాళీ! ఏటి నీళ్ళని ఇసుక తొట్టిలో వడకట్టి కుళాయికి పంపే పథకం మాది. ఇసుకకి ముందు ఇంకో తొట్టి, దాన్నిండా గులకరాళ్ళు. వానలొస్తే ఏరు కాఫీలా పారుతుంది కదా, ఆ బురద రాళ్ళ సందుల్లో దిగిపోతే, తేటపడ్డ నీళ్ళే ఇసుకకి వెళ్తాయి. ఇంతే! ఇది అర్థం కావడానికి నాలాగా పట్నంలో చదవక్కర్లేదు. పిన్ని రోజూ బిందెలో నీళ్ళు తేరనిచ్చి పైపైన వంచుకుంటుంది. మోసి మోసి ఆమె కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. జడ నేనే వేస్తున్నా. ఆమెకి ఆ కుళాయి కావాలి.

ప్రారంభోత్సవానికి ముందురోజు వాన. దారంతా బురద. రిబ్బన్ కత్తిరించడానికి పట్నం నుంచి వచ్చే పెద్దసారు బూట్లు పాడవుతాయని బెంగపడి, బాబాయ్ తొట్టిలో రాళ్ళన్నీ తీయించి దారి మీద పరిపించాడు!

“బాబాయ్, బురదంతా నేరుగా ఇసుక మీదికి పోతుంది!”

“పోనీ. వడకట్టడానికేగా ఇసుకుంది? కూర్చోబెట్టి మేపుతామా?”

“మూసుకుపోతుంది బాబాయ్!”

“రాళ్ళు నీళ్ళని శుభ్రం చేస్తాయట! విన్నావుటే?” అని పిన్ని వైపు తిరిగి నవ్వాడు.

“విన్నానండీ. రాళ్ళన్నీ మీ బుర్రలోనే ఉన్నాయనుకున్నా. తొట్టిలోనూ ఉండేవన్నమాట.”

తెల్లారేసరికి ఇసుక మీద మట్టి పొర, తోలు కప్పినట్టు. చుక్క దిగడంలేదు.

పెద్దసారు వచ్చారు. బూటుకి మరకైనా అంటలేదు. రిబ్బన్ తెగింది, చప్పట్లు మోగాయి. కుళాయి తిప్పితే అది దగ్గింది, ఒకసారి ఉమ్మింది, ఊరుకుంది.

“కొత్త కదా సార్, సిగ్గుపడుతోంది,” అన్నాడు బాబాయ్.

ఎటు చూడాలో తెలీక పెద్దసారు కిందికి చూశారు. “దారి మాత్రం బాగా వేశారండీ. ఈ రాళ్ళెక్కడివి?”

“మీరిప్పుడు తాగాల్సిన నీళ్ళలోవి సార్,” అంది పిన్ని.

సారు గబగబా కారెక్కేశారు. పిన్ని ఎడమచేత్తో గంప ఈడ్చుకొచ్చి బాబాయ్ కాళ్ళ ముందు పడేసింది.

“ఇసుక మీద పొర గీకండి. తర్వాత రాళ్ళన్నీ ఏరి, కడిగి, తొట్టిలో పోయండి.”

“కడగడానికి నీళ్ళేవే?”

పిన్ని ఖాళీ బిందె ఆయన చేతిలో పెట్టింది.

“ఏరు అటుంది.”