సిస్టరమ్మ కూర్చున్న స్టూలు

నేను ఒక ఇనుప స్టూలుని. వీపు ఆన్చుకోవడానికి దన్ను లేదు, చేతులు పెట్టుకోవడానికి ఆసరా లేదు. అందుకే నా మీద ఎవరూ హాయిగా కూర్చోరు, అవసరం ఉన్నంతసేపే కూర్చుంటారు. శ్రీకాకుళం వైపు ఒక వెల్డింగు షెడ్డులో పుట్టాను. నా తోబుట్టువుల్లో కొన్ని టీకొట్లకి వెళ్ళి రాజకీయాలు విన్నాయి. నన్ను మాత్రం ఒక పెద్దాసుపత్రి ఆడవాళ్ళ వార్డుకి పంపి, తెల్లరంగు పూసి, ఒక మంచం పక్కన నిలబెట్టారు.

మొదట్లో రోగుల చుట్టాలు కూర్చునేవారు. మనుషుల చిత్రం చెప్పాలి. తెచ్చిన పళ్ళు వాళ్ళే కోసి, వాళ్ళే తిని, పక్క మంచం ఆవిడ జబ్బేమిటో ఆరా తీసి వెళ్ళిపోయేవారు. అయినా వాళ్ళ బరువు నాకు బాగుండేది. ఆ మంచం మీదికి ఎవరూ లేనివాళ్ళు వచ్చినప్పుడే దిగులు. అప్పుడు నా మీద తడి తువ్వాలో, మందుల సంచో ఉండేది.

అలాంటప్పుడు నాకున్న ఆశ దయామణి సిస్టరే. రక్తం ఎక్కించడంలో ఆవిడ పద్ధతే వేరు. రక్తం సంచి మీది పేరూ గ్రూపూ ఇంకో సిస్టరుతో కలిసి పైకి చదివేది. రోగిని "నువ్వు ఫలానావేనా?" అని అడిగేది కాదు. భయంలో దేనికైనా తల ఊపేస్తారని, "నీ పేరు నువ్వే చెప్పమ్మా" అనేది. తర్వాత నన్ను మంచం దగ్గరికి లాక్కుని, మొదటి పావుగంట కదలకుండా కూర్చుని, నాడి చూస్తూ కబుర్లు చెప్పించేది. పడని రక్తమైతే చాలావరకు అప్పుడే బయటపడుతుందట. అన్ని మంచాలకి ఇద్దరే సిస్టర్లున్న వార్డులో పావుగంట కూర్చోవడమంటే మాటలు కాదు. "ముచ్చట్లు మొదలెట్టింది" అని అటుగా పోయేవాళ్ళు మూతి విరిచేవారు.

అలా ఒంటరిగా ఆ మంచం మీదికి వచ్చిన గున్నమ్మ జీడిపిక్కల బట్టీలో పనిచేసే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కిడ్నీలు చెడి ఒంట్లో రక్తం నిలవడం లేదు. ఆవిడ కోసం రక్తం ఇచ్చే నా అన్నవాళ్ళెవరూ లేక, రోజులు గడిచాక, ముక్కూ మొహం తెలియని ఆటో కుర్రాడొకడు ఇచ్చి పోయాడు.

ఆ సంచి ఎక్కుతుండగా సిస్టరు నా మీద కూర్చుని ఎండుచేపల కూర ఎలా వండుతావని అడిగింది. గున్నమ్మ ఊరంతా వినేలా మొదలుపెట్టింది. వంకాయలు కోసింది, చింతపండు నానబెట్టింది. ఉన్నట్టుండి మాటలు పొట్టివయ్యాయి.

"తర్వాత ఏం వేస్తావమ్మా?"

"ఉప్పు."

"ఆ తర్వాత?"

"ఏటీ నేదు సిస్టరమ్మా. నాను బాగానే ఉన్నాను. నువ్వెల్లు."

దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. మంచం అంచున జారిన చెయ్యి నా కాలిని గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వణికిపోతోంది. నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు. నా బతుకులో అంత భయం ఎప్పుడూ ఎరగను.

సిస్టరు దుప్పటి లాగేసింది. మరుక్షణం రక్తం ఆపేసింది.

"ఆపకమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ బాబిచ్చిన రగతం నేలపాలైపోద్ది. మల్లీ నాకెవులిత్తారు?"

"నీకు పడని రక్తం ఎవరిస్తే ఏం లాభం? చలేస్తోందని చెప్పొద్దా?"

"సెప్తే ఆపేత్తావు కదా."

సిస్టరు ఆ గొట్టం తీసి, కొత్త గొట్టంతో సెలైను పెట్టి, డాక్టరమ్మని కేకేసింది. మిగిలిన సంచి పరీక్షకి వెళ్ళింది. ఇంకాస్త ఎక్కి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ అంది. సిస్టరు డ్యూటీ అయిపోయింది, అయినా నా మీంచి లేవలేదు. వణుకు తగ్గాక గున్నమ్మ మెల్లిగా అంది, "రగతం పోతే పోనాదిగానీ, ఇంతసేపు నా పక్కన ఎవులూ కూకోనేదమ్మా."

సిస్టరు దుప్పటి మళ్ళీ గడ్డం దాకా కప్పింది.

తర్వాత ఆవిడకి బదిలీ అయింది. వార్డుకి వేలికి తగిలించే మిషను వచ్చింది. అది నాడిని బాగానే లెక్కపెడుతుంది, కూర సంగతి మాత్రం అడగదు. గున్నమ్మకి సరిపడే రక్తం దొరికి ఎక్కించినప్పుడు నా మీద మందుల సంచి కూర్చుంది.

మర్నాడు పక్క మంచం మీద ఒంటరిగా ఉన్న ఒక పిల్లకి రక్తం పెట్టి, కొత్త సిస్టరు ఇంకెవరో పిలిస్తే పరిగెత్తింది. ఆ పిల్ల సంచి వైపు చూసి గుడ్లనీళ్ళు కుక్కుకుంటోంది. గున్నమ్మ గోడ పట్టుకుని లేచి, నన్ను ఈడ్చుకెళ్ళి ఆ మంచం పక్కన కూర్చుంది.

"నీ పేరేటమ్మా? మీ ఇంటికాడ ఏటేటి వొండుతారో సెప్పు. ఆపకు, సెప్తానే ఉండు. సలేస్తే దాసకు. నానే ఎల్లి సిస్టరమ్మని లాక్కొత్తాను."

సంచి ఖాళీ అయ్యేదాకా లేవలేదు. ఎముకల గూడంత మనిషి, బరువే లేదు. అయినా అంత నిండుగా నా మీద ఎవరూ కూర్చోలేదు.

ఆ వారమే ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నన్ను ఆసుపత్రి వెనక విరిగిన మంచాల మీదికి విసిరారు. వానకి తెల్లరంగు ఊడి తుప్పు పడుతున్నాను. గున్నమ్మ మళ్ళీ వచ్చిందో లేదో, వస్తే పక్కన ఎవరున్నారో చెప్పేవాళ్ళు ఇక్కడ లేరు. తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఆవిడ లేచాక నా మీద ఇంకెవరూ కూర్చోలేదు.