మున్షీ సంతకం

నిరుడు కోస్తా నుంచి వచ్చిన వెంకటరత్నం మరదలికి ఆడపిల్లల బడిలో పంతులమ్మ కొలువు వచ్చిందని ఆండాళు చెప్పిందట. ఆండాళుకు బాయి కాడ యాదలక్ష్మి చెప్పిందట. యాదలక్ష్మికి ఎవరు చెప్పారో ఆమెకే గుర్తులేదు గానీ, ఆ పిల్ల పదహారేండ్ల నుంచి ఇక్కడే ఉంటున్నదని సాలోళ్ల వీధి మనిషే ఒకడు సాక్షి సంతకం పెట్టాడని మాత్రం గట్టిగా తెలుసట.

"ఎవడో మనోడేనట," అన్నది లీలమ్మ నూలు కండెకు చుడుతూ. "వాని పేరు దెలిస్తే గాడ్దె మీద ఊరేగిస్తనంటాంది ఆండాళు. నేనన్న, నువ్వెందుకే, గాడ్దెను నేనే తోల్కొస్త అని."

మగ్గం గుంటలో కూర్చున్న ఆమె మొగుడు సీతారాములు చేతిలో నూలు నడిపే నాడె తప్పింది. పడుగులో రెండు పోగులు పుటుక్కున తెగాయి.

"ఏమాయె?"

"ఏం గాలె. పోగు దెగింది."

"నీ చేతుల పోగు దెగుడా? గిదేం చోద్యం!"

ఆమె నవ్వింది. సీతారాములు నవ్వలేదు. వంగి తెగిన పోగులు వెతికి, వేళ్లతో మెలిపెట్టి ముడి వేశాడు. కంటికి ఆనని ముడి. గాడిద ఎవరి కోసమో ఆయనకు తెలిసిపోయింది. నాలుగు నెలల కింద వెంకటరత్నం తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టింది తనే.

కొండ్రాయిపేటలో సీతారాములు అల్లాటప్పా మనిషి కాడు. వీధి వీధంతటికీ మున్షీ. నిజాం కాలంలో ఉర్దూ మదరసాలో ఏడో జమాత్ దాకా చదివాడు. తెలుగు బడి కావాలంటే దొరికే రోజులు కావవి. ఇంట్లో తెలుగు, మగ్గం మీద తెలుగు, పలక మీద మాత్రం ఉర్దూ. పటేలు మీద ఫిర్యాదు రాయాలన్నా, సోలాపూర్ మిల్లుకు పోయిన కొడుకుకు జాబు రాయాలన్నా అందరూ ఆయన గడప దగ్గరికే వచ్చేవారు. కుడి నుంచి ఎడమకు ఆయన కలం నడుస్తుంటే, మగ్గం మీద కొంగు దిగుతున్నట్టు నోరు తెరిచి చూసేవారు.

యాభై ఆరులో రెండు తెలుగు నేలలూ ఒక్కటయ్యాయి. సోలాపూర్ మిల్లులో తొమ్మిదేళ్లు పనిచేసిన సీతారాములు ఆ ఏడే భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకుని ఊరికి తిరిగి వచ్చాడు. తాలూకా కచేరి ముందర బూందీ పంచుతుంటే తనూ దోసిలి పట్టాడు. మన భాష గద్దెనెక్కిందని ఎవరో ఉపన్యాసం చెబితే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

కొన్నాళ్లకు కచేరి గోడ మీది నోటీసు మారింది. "ఏం రాసిండ్రు మున్షీ?" అని అడిగారు జనం. సీతారాములు దాని ముందు నిలబడ్డాడు. గుండ్రటి అక్షరాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతున్నాయి. ఒక్కటీ తనను పలకరించలేదు.

"కండ్లు మసకలైనయి," అన్నాడు. "అద్దాలు తేలె."

పన్నెండేళ్లుగా అదే మాట. ఉత్తరం వచ్చినా అద్దాలే, పేపరు వచ్చినా అద్దాలే. "జర సదువు బిడ్డా" అని కూతురు చేతికి ఇచ్చేవాడు. వేల పోగుల పడుగులో ఒక్క పోగు జారితే కూర్చున్న చోటి నుంచే పట్టుకునే మనిషికి అద్దాలెందుకో ఎవరూ అడగలేదు.

ఆ కూతురు మంజులత. సోలాపూర్‌లోనే పుట్టింది. ఊరికి వచ్చేనాటికి ఎనిమిదేళ్లది. పాలమూరుకు పోయి పంతులమ్మ ట్రైనింగు పాసైంది. సాలోళ్ల వీధిలో అలా పాసైన మొదటి ఆడపిల్ల. తాలూకా మొత్తానికి పడింది ఒకే ఒక్క పంతులమ్మ కొలువు. దానికి ముల్కీ కాగితం కావాలి. అంటే ఈ ప్రాంతపు మనిషేనని కచేరి ఇచ్చే కాగితం. అది దొరికితే మంజులత బడిలో ఉంటుంది. దొరకకపోతే అంత చదువూ తెచ్చి తల్లి పక్కన కండెలు చుడుతుంది.

పోయిన వారమే తండ్రీ కూతుళ్లు కచేరికి పోయారు. గుమాస్తా కోస్తా మనిషి. కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు.

"పదిహేనేళ్లు ఏకధాటిగా ఇక్కడుండాలండీ. మీ అమ్మాయి పుట్టింది సోలాపూర్లో. వచ్చి పన్నెండేళ్లేగా?"

"పొట్ట చేత పట్టుకోని పోయినం సారూ. మా తాత ముత్తాతలు గీ ఊరోళ్లే. మా ముత్తాత తవ్విన మగ్గం గుంట గిప్పటికున్నది, వచ్చి చూడుండ్రి."

"గుంటలు కాదండీ, కాగితాలు కావాలి."

మంజులత ఊరుకోలేదు. "మా బాపు ఈడోడైతే నేను ఈడిదాన్ని కానా సారూ? గిదేం లెక్క?"

గుమాస్తా నవ్వి పక్క బల్ల వైపు చూశాడు. పక్క బల్ల కూడా నవ్వింది. "ఈడిదాన్ని, ఆడిదాన్ని... ఈ భాషతో పిల్లలకేం చెబుతావమ్మా? ముందు నువ్వు తెలుగు నేర్చుకో."

ట్రైనింగులో తెలుగులో మొదటి మార్కు ఆమెది. ఇంటికి వచ్చి బిందె ఎత్తి నేలకు కొట్టింది. ఆ సొట్ట ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు తెలుస్తోంది, ఆ కొలువు ఎటు పోయిందో.

వెంకటరత్నమూ కోస్తా మనిషే, పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. నాలుగేళ్లుగా సీతారాములు ఇంటి ముందరి భాగంలో కిరాయికి ఉంటున్నాడు. చెడ్డవాడని ఎవరూ అనలేదు. పప్పుచారు చేయిస్తే గిన్నెడు పంపేవాడు. ఆ ఊళ్లో నేతపని మనిషిని 'గారూ' అని పిలిచిన మొదటి ఉద్యోగి. ఆ పిలుపు చెవిన పడితే సీతారాములు వెన్ను తనంతట తానే నిటారయ్యేది. నిరుడు మరదలు వచ్చి వాళ్లింట్లో దిగింది. ఉగాది వెళ్లాక ఒకనాడు కాగితం పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చాడు.

"మా మరదలు మీ ఇంట్లోనే ఉంటోందని చిన్న కాగితం, సీతారాములు గారూ. మీలాంటి చదువుకున్న పెద్దలు ఒకసారి చూసి సంతకం చేస్తే..."

చదువుకున్న పెద్దలు! సీతారాములు కాగితం అందుకున్నాడు. అంతటి మాట అన్న మనిషి ముందు అద్దాల కథ చెప్పలేకపోయాడు. ఎడమ నుంచి కుడికి కళ్లు తిప్పాడు. చదివే మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు తిప్పాడు. మధ్యలో ఒకచోట ఆగి తల కూడా ఊపాడు. కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. మంజులత లోపలి అర్రలోనే ఉంది, కేకేస్తే వచ్చేది. కేకేయలేదు.

మధ్యాహ్నం మంజులత ఇంటికి వచ్చింది. చెప్పులు విడవలేదు. చేతిలో నోటు బుక్కు.

"కచేరికి పోయొచ్చిన. చప్రాసి గాలయ్య కాక ఫైలు చూపెట్టిండు. ఉన్నదున్నట్టు రాసుకొచ్చిన. ఇనుండ్రి." నిలబడే చదివింది. "'ఈమె గత పదహారు సంవత్సరములుగా నా గృహమునందు నివసించుచున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' కింద ఉర్దూల సంతకం. దాని కింద తహసీల్దారు సంతకం, మొహరు ముద్ర. గదే ఫైలుల ఆమె ట్రైనింగు కాయితం గుడ ఉన్నది. నిరుడు పాసైంది, కోస్తాల. చిన్నప్పటి సంది సదివిందంత ఆడనే. రెండు కాయితాలు ఒక్క దారంతోనే కుట్టిండ్రు!"

లీలమ్మ చేతిలో కండె ఆగిపోయింది. ఆ వీధిలో ఉర్దూ సంతకం ఒక్కరిదే. ఆమె మొగుడి వైపు చూసి, గాడిద మాట గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సదివే పెట్టినవా బాపూ?" అన్నది మంజులత.

"కండ్లు... అద్దాలు లేకుండ..."

ఆమె మగ్గం మీదికి వంగింది. పొద్దున ఆయన అతికిన పోగుల మీద వేలు పెట్టి వెతికింది. "గిదీ, నువ్వేసిన ముడి. నా కండ్లకే ఆనుతలేదు. గింత ముడి ఏసినోనికి గంత అక్షరం కనబడలేదా? నిజం చెప్పు. వాళ్లకు అమ్ముడువోయినవా?"

ఆ మాటకు సీతారాములు గుంటలో నుంచి లేచాడు.

"రాదు బిడ్డా," అన్నాడు. "నాకు తెలుగు సదువరాదు."

మంజులత కోపం వెతుక్కుంటూ వచ్చిన చోట ఈ మనిషి దొరికాడు. ఏం చేయాలో తెలియక నోటు బుక్కు మూసింది, మళ్లీ తెరిచింది.

"నాకెరుకే," అన్నది లీలమ్మ, గోడతో చెప్పినట్టు. "పేపరు తలకిందులు పట్టుకుంటే రెండుమార్లు నేనే తిప్పి ఇచ్చిన."

సాయంత్రం వెంకటరత్నం ఆఫీసు నుంచి రాగానే సీతారాములు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. మంజులత నోటు బుక్కులోది చదివి వినిపించింది. వెంకటరత్నం మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకున్నాడు.

"తండ్రి లేని పిల్లండీ. అందరూ చేస్తున్నదే. అయినా నేను మీ చెయ్యి పట్టుకుని రాయించానా? మీరు చదివారు, తలూపారు, సంతకం చేశారు."

"నాకు సదువరాదు. రాక పెట్టిన."

"బాగుందండీ! ఊరంతా మున్షీ అని పిలుస్తుంటే మీకు చదవడం రాదంటే ఎవరు నమ్ముతారు? పదిమందిలో ఆ మాట అనగలరా మీరు?"

అన్నం తిన్న విస్తరి లాగా ఆ మాటను ఆయన ముందు పడేసి లోపలికి పోయాడు. సీతారాములుకు అప్పుడు అర్థమైంది. ఈయన తన అక్షరాలను కాదు, తన సిగ్గును నమ్ముకున్నాడు. ఆ సిగ్గుకు తన బిడ్డ కొలువును కట్టి ఎత్తుకుపోయాడు.

మర్నాడు కచేరి తెరిచే వేళకు సీతారాములు నడుస్తుంటే వెనక వీధి వీధంతా కదిలింది. ముందు ఆండాళు. లీలమ్మ పొద్దున్నే పోయి చెప్పేసింది: "గాడ్దె మీద ఊరేగిస్తవో లేదో గని, మనిషి మాత్రం మా ఇంటోడే." ఆండాళు గాడిద ఊసెత్తలేదు. చెప్పులేసుకుని బయలుదేరింది.

సీతారాములు ఉర్దూలో రాసిన దరఖాస్తును గుమాస్తా రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఏమిటిది? ఇక్కడెవరు చదవాలి?"

"నాకొచ్చింది గిదే సారూ."

గొడవ విని తహసీల్దారు లోపలికి పిలిపించాడు. ఆయన కోస్తా మనిషి కాదు. పక్క జిల్లావాడే. ఉర్దూ బడిలోనే చదివి, పైవాళ్ల మాట వంటబట్టించుకుని ఆ కుర్చీ దాకా వచ్చినవాడు. దరఖాస్తు మీద ఆయన కళ్లు కుడి నుంచి ఎడమకు తడుముకోకుండా నడవడం సీతారాములు గమనించాడు. చదివి కూడా, చదవనట్టే పక్కన పెట్టాడు. కబురందుకున్న వెంకటరత్నం అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"ఇతను చదివే సంతకం పెట్టాడు సార్," అన్నాడు వెంకటరత్నం. "అడగండి."

గుమ్మంలో తలలు. ఒకరి కొడుక్కు ఈయన జాబు రాశాడు. ఒకరి భూమికి దస్తావేజు రాశాడు. అంతా తమ మున్షీని చూడటానికి వచ్చినవాళ్లే.

"నాకు తెలుగు సదువొస్తలేదు," అన్నాడు సీతారాములు. గుమ్మంలోని తలల వైపు తిరిగాడు. "పన్నెండేండ్ల సంది ఊరికి అబద్ధం చెప్తున్న. ఆ కాయితంల ఏమున్నదో తెల్వక సంతకం పెట్టిన. నా సాక్ష్యం వాపసు తీసుకుంటున్న."

గుమ్మంలో ఎవరో "అయ్యో మున్షీ" అన్నారు. గుమాస్తా నవ్వు ఆపుకోలేదు. తహసీల్దారు కుర్చీలో వెనక్కి వాలాడు. తన యాస పక్కనబెట్టి, పుస్తకంలో మాటలు ఏరి అన్నాడు:

"తెలుగువాడివై ఉండి తెలుగు చదవడం రాదా? ఇంత వయసొచ్చింది, పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గుగా లేదూ?"

మంజులత ముందుకు రాబోయింది. సీతారాములు చెయ్యి అడ్డం పెట్టాడు. బల్ల మీది ఫైలును తనే తీశాడు. ఎవరూ ఆపేలోగా ఒక్క దారంతో కుట్టిన రెండు కాగితాలనూ పక్కపక్కన తెరిచి, మొహరు మీద వేలు పెట్టాడు. అలాగే తహసీల్దారు వైపు తిరిగాడు.

"ఉన్నది సారూ, సిగ్గున్నది. రాక, సదువకుంట పెట్టిన. గది నా తప్పు, అందరి ముంగట ఒప్పుకున్న. గీ రెండు కాయితాలు మీరు సదివే పెట్టిండ్రు గద సంతకం? ఇగ మీ తప్పేందో మీరు చెప్పుండ్రి."