సున్నం అంటని బూట్లు

ఏడాదిగా నూకయ్య కూతురికి ఒకటే మాట చెబుతూ వచ్చాడు. గీత దాటొద్దు.

వాళ్ల రేవులో పిల్లలు ఫుట్‌బాల్ ఆడేది సముద్రపుటొడ్డునే. ఒక పక్క మొగలి పొదలు, రెండో పక్క నీళ్లు. పొదల్లో పడితే బంతి బయటికి పోయినట్టు. నీళ్లలో పడితే ఆట ఆగదు. మోకాలి లోతు వరకూ ఆడాల్సిందే. వెనక్కి పోయే కెరటం వెంట నీళ్లలోకి దిగి, తిరిగొచ్చే కెరటంతో పాటు గోలు మీదికి వచ్చిపడేవాడే అక్కడ మొనగాడు. ఇరవయ్యేళ్ల వయసులో నూకయ్య అలాంటి మొనగాడు. విశాఖపట్నంలో ఒక జట్టుకి ఎంపికలంటే వెళ్లాడు. పచ్చగడ్డి, అంచున సున్నపు గీత. అలవాటు చొప్పున మూడుసార్లు గీత దాటి పరిగెత్తాడు. మూడుసార్లూ ఈల వేశారు. నాలుగోసారి, ఎంపిక చేసే పెద్దమనిషి అందరి ముందూ నవ్వాడు.

"ఒరేయ్, అటు సముద్రం లేదు. ప్రహరీ గోడ ఉంది."

తిరిగొచ్చి నౌపడలో రైలు దిగిన నూకయ్య మళ్లీ బంతి ముట్టలేదు. ఆ నవ్వు సంగతి భార్య దానమ్మకి కూడా చెప్పలేదు. ఆమె కామెర్లతో పోయింది. ఇంక చెప్పడానికి మనిషే లేదు.

కూతురు హేమకి తండ్రి ఎడమకాలి ఆటే వచ్చింది. పదహారో ఏట ఆ పిల్ల రేవులో మగపిల్లల్ని నీళ్లలో బోర్లా పడేస్తుంటే, బడిలో ఆటల మాస్టారు యుగంధర్ చూశాడు.

"మావా, వచ్చే ఏడాది విజయనగరంలో ఎంపికలున్నాయి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన పాత ఆటగాడొకడు అమ్మాయిల జట్టుకి వింగర్ కోసం వెతుకుతున్నాడు. ఒక్కర్తినే తీసుకుంటాడంట."

వింగరంటే అంచున పరిగెత్తేవాడు. నూకయ్యకి తెలుసు. అంచున ఏముంటుందో కూడా తెలుసు.

మర్నాడే పాత వల తాడు తెచ్చి, నీటికి రెండు బారల ఇవతల ఇసుక మీద పొడుగ్గా పరిచాడు.

"తాడు తొక్కేవో, ఆ రోజుకి ఆట బంద్."

"అయ్యా, నీళ్లలోకి దిగితే నన్నెవులూ ఆపలేరు."

"ఆపలేరు. ఈలేస్తారు. నోరు మూసుకుని లోపలాడు."

మొదట్లో హేమ రోజూ తొక్కింది. రోజూ ఆట ఆగింది. ఆర్నెల్లు గడిచాక తాడు దగ్గరికి పోవడమే మానేసింది. నూకయ్య మీసం మీద చెయ్యేసుకున్నాడు.

ఎంపికల రోజు బస్సులో యుగంధర్ ఆ స్కాట్లాండ్ మనిషి కథ చెప్పాడు. పేరు ఫెర్గస్. చేపలు పట్టే ఊళ్లోనే పుట్టాడు. పదహారేళ్లు ఆడాడు, ఆరు క్లబ్బులు మారాడు. ఒక పెద్ద క్లబ్బు అతన్ని కొనుక్కుని, ఆడించకుండా రెండేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టింది. తర్వాత మోకాలు పోయింది.

"ఆరు రేవులు మారిన పడవకి అడుగేటి మిగుల్తాది?" అన్నాడు నూకయ్య. "అలాటోడు మా పిల్లకి మార్కులేస్తాడా!"

హేమ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మైదానంలో ఆమె శుభ్రంగా ఆడింది. ఒక్క పాసూ తప్పలేదు. బంతి ఒక్కసారి కూడా బయటికి పోలేదు. నూకయ్య ఈలలు లెక్కపెట్టాడు. కూతురి మీద ఒక్కటీ లేదు. ముప్పయ్యేళ్ల కిందటి నవ్వు గొంతులోంచి కొంచెం దిగినట్టనిపించింది.

ఆట అయ్యాక ఫెర్గస్ కుంటుకుంటూ వచ్చాడు. హేమ మొహం చూడలేదు. వంగి బూట్లు చూశాడు. ఏదో అన్నాడు. యుగంధర్ మొహం మాడిపోయింది.

"ఏటంతన్నాడు?"

"బూట్లకి సున్నం అంటలేదంటున్నాడు మావా. వింగర్ గీత మీదే బతకాలంట. మనమ్మాయి గీతకి రెండు బారల దూరంలోనే వెనక్కి తిరిగిపోతోందంట. నీళ్లలో ఆడే పిల్ల ఉందని విని వచ్చాడంట. ఆ పిల్ల ఏదని అడుగుతున్నాడు."

నూకయ్య కూడా వంగి కూతురి బూట్లు చూశాడు.

ఫెర్గస్ ఇంకో ప్రశ్న వేశాడు. "ఇలా ఆడడం ఎవరు నేర్పారంటున్నాడు," అన్నాడు యుగంధర్.

"ఎవులూ నేర్పలేదు సార్. నానే నేర్సుకున్నాను," అంది హేమ.

ఆ మాట నూకయ్యకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. పిల్ల అబద్ధం చెప్పి కాపాడే స్థితికి వచ్చాడు తండ్రి.

"అబద్దం," అన్నాడు. "నానే నేర్పినాను. తాడేసి మరీ నేర్పినాను. తప్పు నాది. ఓపాలి మా రేవుకొచ్చి సూడమను."

యుగంధర్ చెప్పాడు. ఫెర్గస్ నూకయ్య వైపు తిరిగాడు. నెమ్మదిగా మాట్లాడాడు. యుగంధర్ మళ్లీ తెలుగులో చెప్పాడు.

"పెద్ద క్లబ్బులో తనకీ ఇలాగే చెప్పారంట, లోపలాడమని. రెండేళ్లు సాధనలో ఆ మాటే విన్నాడంట. అక్కణ్ణించి బయటపడ్డాక గీత మీదికి పోదామంటే కాలు అటు సాగలేదంట. వీళ్ల జట్టు రేపే బయల్దేరుతోంది మావా. ఆగడానికి లేదంట."

శృంగవరపుకోట నుంచి వచ్చిన ఝాన్సీ అనే పిల్లని తీసుకున్నారు. ఆమె బూట్లు చీలమండల దాకా సున్నంతో తెల్లగా ఉన్నాయి. రెండుసార్లు గీత దాటింది. రెండుసార్లూ ఈల వేయించుకుంది.

మర్నాడు పొద్దున నూకయ్య ఇసుకలో కూరుకుపోయిన తాడుని పీకి, ముక్కలుగా కోసి, పడవలో పడేశాడు. బంతి తెచ్చి హేమ ముందు పెట్టాడు.

"ఒసే, దిగు. నీళ్లలోకి దిగు. ఎవులూ ఈలెయ్యరు."

హేమ బంతి తీసుకుంది. తీరం వెంట పరిగెత్తింది, వేగంగా, కెరటం వైపుకి. కెరటం వెనక్కి లాగింది. అదే అదను. 

నీటికి రెండు బారల ఇవతల పిల్ల తిరిగిపోయింది.

"మళ్లీ!" అని అరిచాడు.

మళ్లీ అక్కడే తిరిగింది. అక్కడ తాడు లేదు.